కాస్తెరా వారి కాని వైన్

లెయోన్స్ కాస్తెరా దృష్టిలో ఈ లోకంలో ఏదీ ఇంకా కాలేదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెను బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా కాలేదు" అనేవాడు. ఆదివారం చర్చిలో ఫాదర్ ప్రసంగం ముగించి పుస్తకం మూయబోతే, మూడో వరసలోంచి అదే మాట వినపడేది. ఆ అమాయకపు ఫాదర్ మురిసిపోయి ఇంకో పావుగంట లాగించేవాడు. మిగతా జనం లెయోన్స్ వీపును చూపులతోనే కాల్చేవారు. ఎవరికైనా బిడ్డ పుడితే ఉయ్యాల మీదికి వంగి ఎగాదిగా చూసి, తల్లి మొహం మీదే "ఇంకా కాలేదు" అనేసి వెళ్ళిపోయేవాడు. పుయ్‌రోల్ ఊరు ఆయనకు ఇంటిపేరు తీసేసి "ఇంకాకాలేదు గారు" అని పెట్టుకుంది. అలా పిలిస్తే పలికేవాడు కూడా.

ఇవన్నీ చిల్లర సరదాలు. అసలు సంగతి ఆయన నేలమాళిగలో ఉంది.

కాస్తెరా వాళ్ళది నాలుగు తరాల ద్రాక్షతోట. ఊళ్ళో ఎవరికి పెళ్ళయినా, ఆ ఏడు పండిన ద్రాక్షతో పట్టిన ఎర్ర వైన్ ఒక సీసా ఆ జంట పేరున వాళ్ళ నేలమాళిగలో పడుకోబెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. సీసా పక్కన పలక ముక్క, పలక మీద సుద్దతో ఇద్దరి పేర్లూ, పెళ్ళయిన ఏడూ. పదేళ్ళ కాపురం నిండాక ఆ సీసా తెచ్చుకుని ఇరుగుపొరుగు ముందు బిరడా లాగాలి. లెయోన్స్ తండ్రి బతికున్నంతకాలం ఇది సజావుగానే సాగింది. ఆయన పోయి తాళంచెవి లెయోన్స్ మొలకు చేరిన నాటినుంచి, అంటే ముప్ఫయ్యేడేళ్ళుగా, ఒక్క పెళ్ళి సీసా బయటికి వచ్చిన పాపాన పోలేదు.

పదేళ్ళు నిండిన జంట పాపం మంచి బట్టలు కట్టుకుని వెళ్ళేది. లెయోన్స్ కొవ్వొత్తి వెలిగించి, సీసాను దాని వెనక పట్టి, గోటితో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు.

"ఏమంటోంది?" అని అడిగేవాళ్ళు.

"రెండేళ్ళు ఆగమంటోంది."

బడిపంతులు ఫిర్మిన్ అలా రెండేళ్ళకోసారి పది సార్లు వెళ్ళాడు. పదకొండోసారి ఓర్పు నశించి, "లెయోన్స్, నేను పాఠాలు చెప్పిన పిల్లలకు పిల్లలు పుట్టి, వాళ్ళు కూడా నా దగ్గరే చదువుకుని వెళ్ళిపోయారయ్యా" అన్నాడు.

"చదువుకున్నారా, వెళ్ళిపోయారా?"

పంతులు కాస్త ఆలోచించి, "వెళ్ళిపోయారు" అన్నాడు.

"చూశావా మరి. తొందరపడితే అంతే."

రొట్టెల దుకాణం జెర్మేన్ మొదటి మొగుణ్ణి వదిలేసి రెండో పెళ్ళి చేసుకుంది. ఆమె పేరున రెండు సీసాలు. "మొదటిది నాకు అక్కర్లేదు, నువ్వే తాగు. రెండోది ఇవ్వు" అని అడిగింది. "వరసలో రావాలమ్మా. మొదటిదే కాలేదు" అన్నాడు లెయోన్స్. నలభయ్యేళ్ళకు పెళ్ళి చేసుకున్న ముసలి బతిస్తాన్ ఆఖరి రోజుల్లో మంచం మీంచి కబురు పెట్టాడు, నాకిక టైం లేదయ్యా అని. సీసాకి ఉంది అని తిరుగు కబురు పంపాడు లెయోన్స్. తీరా బతిస్తాన్ పోయాక, శవపేటిక పక్కన టోపీ తీసి నిలబడి, "ఆయనకి అయింది. సీసాకే ఇంకా కాలేదు" అన్నాడు. బతిస్తాన్ భార్య గొడుగు తిరగేసింది గానీ ఎవరో పట్టుకున్నారు.

ఆ సీసాలు కొందామని బోర్డో నుంచి పెద్ద కారులో వచ్చిన వ్యాపారికీ ఇదే మర్యాద జరిగింది. "మరెప్పుడవుతుందండీ?" అని అడిగాడతను. "మీకు పెళ్ళయిందా?" అన్నాడు లెయోన్స్. లేదన్నాడతను. "అయితే చెప్పినా మీకు అర్థం కాదు" అని తలుపు వేసేశాడు. ఆ మాటన్న పెద్దమనిషికి కూడా పెళ్ళి లేదు. ఆయన జవాబు అతికినట్టు సరిపోయే ప్రశ్న ఊరు మొత్తం మీద అదొక్కటే.

ఇలాంటి మనిషిని ఎవరు భోజనానికి పిలుస్తారు? మొదట పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. తర్వాత పండగలకు. ద్రాక్షకోతలు ముగిసిన నాటి విందు ఆయన తోటలోనే జరిగేది, అయినా బల్ల చివర ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఆయన మూకుడులో గుడ్డు వేయించుకుని తినే చప్పుడు వినే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. గోడ అవతలి ఉర్సుల్.

ఉర్సుల్ ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకే గోడ. ముప్ఫయ్యేడేళ్ళ కిందట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆ పెళ్ళి జరగడమే గగనమైంది. ఆ ఏడు ఏప్రిల్ ఆఖర్లో ఒక్క రాత్రి మంచు పడి, పొద్దుటికల్లా చుట్టుపక్కల తోటలన్నీ అగ్గి తగిలినట్టు మాడిపోయాయి. పెళ్ళికొడుకు గాస్పార్ తల్లి ఒనొరీన్‌కు ఈ కోడలు మొదటినుంచీ నచ్చలేదు. మంచు ఆవిడకు వరమైంది. "ద్రాక్షే లేని ఏడు సీసా ఎక్కడిది? సీసా లేని కాపురం నిలవదు. వచ్చే ఏటికి చూద్దాం" అని అడ్డం తిరిగింది. వచ్చే ఏటికి ఆవిడ ఇంకో పిల్లను చూసుకుంటుందని ఊరందరికీ తెలుసు. అప్పుడు లెయోన్స్ గోడ మీంచి తల పెట్టి, "మా పై గట్టు తీగలు బతికాయి ఒనొరీన్. సీసాకి నాది పూచీ" అన్నాడు. జూన్ పన్నెండున పెళ్ళయింది.

ఆ సీసా కూడా అందరి సీసాల్లాగే కాలేదు. పదో ఏడు కాలేదు, ఇరవయ్యో ఏడు కాలేదు. ఉర్సుల్ కోపంతో ఊగిపోతే గాస్పార్ మాత్రం, "ఆగుదాంలే. కాలేదంటున్నాడుగా" అనేవాడు. గాస్పార్ తోటల్లో తీగలు కత్తిరించే పనివాడు, నెమ్మదైన మనిషి, ఎవరినీ ఏదీ రెండోసారి అడిగేవాడు కాదు.

ఈ ఫిబ్రవరిలో గాస్పార్ పోయాడు. పిల్లలు లేరు. ఉర్సుల్‌కు ఏడుపు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వంట. ఏళ్ళ తరబడి ఇద్దరికి వండిన చెయ్యి ఒకరికి వండడం నేర్చుకోనంది. రోజూ కుండెడు సూప్ అయ్యేది. మధ్యాహ్నం కొంత, రాత్రి కొంత, మర్నాడు మిగిలింది తినేది. ఎదురుగా ఎవరూ లేకపోతే సూప్ వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియదని ఆమెకు అప్పుడే తెలిసింది. చాలా ఒంటరిగా ఉండేది. గోడ అవతల గుడ్డు వేగే చప్పుడు వినపడితే, మనిషి అలికిడి అని కాసేపు కూర్చుని వినేది.

మే మొదట్లో ఒకరోజు గోడ దగ్గరికి వెళ్ళింది.

"లెయోన్స్, వచ్చే నెల పన్నెండున మా పెళ్ళిరోజు. సీసా ఇచ్చెయ్యి."

లెయోన్స్ టొమాటో నారు నాటుతున్నాడు. తలెత్తలేదు. "ఇంకా కాలేదు ఉర్సుల్."

"మనిషే పోయాడు."

"రెండేళ్ళు ఆగు."

"గాస్పార్‌వని నాకు మిగిలినవి రెండు చొక్కాలూ ఆ సీసా. అది తాగి ఆయన్ని ఒకసారి తలుచుకోవాలని ఉంది. అంతకంటే ఏమీ అడగలేదు నిన్ను."

లెయోన్స్ ఆ నారుమొక్కను నాటాడు, మళ్ళీ పీకాడు, మళ్ళీ అక్కడే నాటాడు. ఉర్సుల్ ఆ రోజునుంచి ఆయనతో మాటలు మానేసింది. మాట్లాడటానికి ఉన్న ఒక్క పొరుగు మనిషీ అలా పోయాడు.

ఈ సంగతి ఎక్కడ ఆగేదో గానీ, లెయోన్స్ తమ్ముడి కూతురు సిదొనీ కల్పించుకుంది. తోట పనంతా ఇప్పుడు ఆమే చూస్తోంది. నేలమాళిగ కిటికీలోంచి దీపం పెట్టి చూసి, పెదనాన్న దగ్గరికి వచ్చింది.

"పెదనాన్నా, పెళ్ళి సీసాల బిరడాలు పుచ్చిపోతున్నాయి. కొన్ని కారుతున్నాయి కూడా. కొత్తవి వెయ్యాలి."

"కారనీ. బరువు తగ్గుతుంది."

"వైన్ గాలి తగిలి పోతుంది. శనివారానికి ఏర్పాటు చేశాను. అందరినీ రమ్మన్నాను."

బిరడా మార్చడం అంటే ఉత్తినే మూత మార్చడం కాదు. సొంతదారు ముందు సీసా తెరవాలి, సొంతదారు ఒక గుక్క రుచి చూడాలి, వెలితి పడిన మేర నింపాలి, అప్పుడు కొత్త బిరడా కొట్టాలి. అది కాస్తెరా వాళ్ళ తాత పెట్టిన నియమం. రుచి చూడాలి అన్న ముక్క వినగానే లెయోన్స్‌కు చెమటలు పట్టాయి. సోమవారం నడుం పట్టేసిందన్నాడు. మంగళవారం తనకు కల వచ్చిందనీ, కలలో తాత వద్దన్నాడనీ చెప్పాడు. శుక్రవారం తాళంచెవి పోయిందన్నాడు.

"పోతే పోయిందిలే పెదనాన్నా" అంది సిదొనీ. శనివారం పొద్దున చూస్తే తాళం తలుపుకే ఉంది గానీ, తలుపు వాకిలికి లేదు. ఆమె బందులు ఊడదీసి తలుపును గోడకు ఆనించింది.

పది గంటలకల్లా ముంగిట్లో బల్లలు వేశారు. మొదట ఫిర్మిన్ పంతులు సీసా తెరిచారు. గ్లాసులో పోస్తే పాత ఇటుక రంగు వచ్చింది. ఎండు రేగుపళ్ళ వాసన, వాన పడ్డాక అడవిలో వచ్చే ఆకుల వాసన, వెనక ఎక్కడో తోలు వాసన. పంతులు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. భార్య కంగారుపడింది. ఆయన కళ్ళు తెరిచి, "ఇది ఇరవయ్యేళ్ళ కిందటే అయిపోయిందే" అన్నాడు.

తర్వాత జెర్మేన్ సీసాలు తెరిచారు. రెండూ అద్భుతంగా ఉన్నాయి. మొదటి మొగుడి ఏటిదే ఇంకాస్త బాగుందని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. బతిస్తాన్ భార్య తన గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "ఈ లెయోన్స్‌ని ఏం చేసినా పాపం లేదు" అంది. సిదొనీ కొత్త బిరడాల బుట్ట పట్టుకుని నిలబడే ఉంది, ఒక్కరూ సీసా వెనక్కి ఇవ్వలేదు. ఎవరి సీసా వాళ్ళు, మొగుడున్నవాళ్ళు మొగుణ్ణి కూడా, పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఉర్సుల్ ఒక్కతే ఖాళీ గ్లాసుతో నిలబడింది.

సిదొనీ లోపలినుంచి పలక ఒక్కటే పట్టుకుని వచ్చింది. 'గాస్పార్, ఉర్సుల్' అని ఉంది దాని మీద. "అత్తా, మీ చోట సీసా లేదు" అంది.

అప్పుడు అందరూ చుట్టూ చూశారు. లెయోన్స్ కూడా లేడు.

ఉర్సుల్ గ్లాసు బల్ల మీద పెట్టి తిన్నగా ఆయన ఇంటికి నడిచింది. వంటింట్లో లెయోన్స్ కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సీసా ఉంది. రైలు తప్పిపోయినవాడిలా ఉన్నాడు.

"ఇటివ్వు."

"ఇంకా..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే గరిటె పుచ్చుకుంటాను."

"ఇది అవదు ఉర్సుల్" అన్నాడు లెయోన్స్. "నువ్వు ఎన్నేళ్ళు ఆగినా అవదు. ఆ ఏడు పై గట్టు మీద ఒక్క తీగ కూడా మిగల్లేదు."

ఉర్సుల్ ఎదురు కుర్చీలో కూర్చుంది. "మరి ఇందులో ఉన్నదేంటి?"

"కుందేళ్ళ కొట్టం మీది పందిరి ద్రాక్ష. గోడ వెచ్చదనానికి మంచు తగల్లేదు. సగం పచ్చివే. అవి పీపాకి ఏ మూలకి? ఊరగాయ జాడీలో పులియబెట్టాను. మరుసటి ఏడు రుచి చూశాను. రెండు రోజులు నాలుక పని చెయ్యలేదు."

"ఏదో ఒక మంచి ఏటి వైన్ ఇందులో పోసేస్తే సరిపోయేదిగా. నాకేం తెలుస్తుంది?"

లెయోన్స్ దెబ్బ తగిలినట్టు చూశాడు. "పలక మీద ఒక ఏడు రాసి సీసాలో ఇంకో ఏడు పోయడమా? అది మా ఇంటా వంటా లేదు."

"ముప్ఫయ్యేడేళ్ళు ఊరందరితో అబద్ధం చెప్పావు కదయ్యా."

"అది నోటితో."

ఉర్సుల్‌కు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "మా సీసా బాగాలేకపోతే మాకివ్వకు. ఊళ్ళోవాళ్ళు ఏం చేశారు?"

"మీ ఒక్కరికే కాలేదంటే మీ అత్త ఊరుకునేదా? ఒక్క పూటలో కూపీ లాగేది. సీసా లేదన్నమాట, కాపురం చెడ్డదన్నమాట అని నిన్ను కాల్చుకు తినేది. అందుకని మీ పెళ్ళయిన నాటినుంచే అందరికీ కాలేదనడం మొదలుపెట్టాను. సీసాలకి మాత్రమే అంటే అనుమానం వస్తుందని రొట్టెకీ, ప్రసంగానికీ, పిల్లలకీ కూడా అన్నాను. వాడి వరసే అంత అనుకుంటారని."

"మా అత్త పోయి పదిహేనేళ్ళయింది."

"అప్పటికి అదే నా వరస అయిపోయింది" అన్నాడు లెయోన్స్ దిగులుగా.

ఈ మనిషి బల్ల దగ్గర ఎవరూ కూర్చోకపోవడం, ఆ గుడ్డు వేగే చప్పుడు, చర్చిలో జనం చూపులు, అన్నీ తన కాపురానికి ఆయన వేసిన కంచె అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆఖరికి, "ఎందుకు చేశావు లెయోన్స్?" అంది.

"మీ పెళ్ళికని అప్పటికే కొత్త బూట్లు కొనుక్కున్నాను."

ఆమె నవ్వేసింది. నవ్వుతూనే ఏదో తట్టి ఆగిపోయింది. "ఆ ఏడు మంచుకి మాడిన చిగుళ్ళు కోసి పారెయ్యడానికి మీ పై గట్టు మీదికి ఎవర్ని పెట్టుకున్నావు?"

"ఇంకెవరిని? గాస్పార్‌నే..." అని లెయోన్స్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ప్రతి తీగా ఆయన చేత్తో కోశాడు" అంది ఉర్సుల్. "ఒక్కటీ బతకలేదని ఆయనకి పెళ్ళికి ముందే తెలుసు. అందుకే ఎప్పుడూ ఆగుదాంలే అనేవాడు."

"మరి నాతో ఒక్క ముక్క అనొచ్చుగా. ముప్ఫయ్యేడేళ్ళు ఫాదర్ ప్రసంగాలు అదనంగా విన్నాను నేను."

"నువ్వు అంత కష్టపడుతుంటే ఎలా చెప్తాడు? మొహమాటస్తుడు."

ఇద్దరూ కాసేపు గాస్పార్‌నే తలుచుకున్నారు. ఫిబ్రవరి తర్వాత ఆయన పేరు చెప్పుకుని ఇంకో మనిషితో నవ్వడం ఉర్సుల్‌కు అదే మొదలు. తర్వాత ఆమె లేచి సీసా అందుకుంది. "రా. మా ఇంట్లో సూప్ ఉంది. ఇద్దరికి సరిపడా ఎప్పుడూ ఉంటోంది."

క్యాబేజీ, తెల్ల చిక్కుడు గింజలు, బాతు కాలు వేసి కాచిన సూప్. లెయోన్స్ గాస్పార్ కుర్చీలో కూర్చోలేదు, పక్కది లాక్కున్నాడు. ఉర్సుల్ బిరడా లాగి, గ్లాసులో వేలెడు పోసుకుని తాగింది. ఆమె చెవులు వెనక్కి పోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?" అన్నాడు లెయోన్స్ నేల చూపులు చూస్తూ.

"మా అత్తలా ఉంది."

గిన్నె అడుగున రెండు గరిటెల సూప్ మిగిలేదాకా ఇద్దరూ తిన్నారు. అప్పుడు ఉర్సుల్ తన గిన్నెలోకి ఆ వైన్ ధారగా వంచింది. లెయోన్స్ తన గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాడు. ముప్ఫయ్యేడేళ్ళ వైన్‌ను సూప్‌లో కలపడం ఘోరమన్నాడు. మనిషన్నవాడు చెయ్యడన్నాడు. ఆమె ఆయన చెయ్యి పక్కకు నెట్టి పోసింది. చల్లారుతున్న సూప్‌లో బాతు కొవ్వుకీ ఆ పులుపుకీ ఎక్కడ కుదిరిందో గానీ కుదిరింది. ఇద్దరూ గిన్నెలు రెండు చేతులా ఎత్తి, చప్పుడు చేస్తూ తాగారు. లెయోన్స్ మీసం తుడుచుకుని గిన్నెలోకి చూశాడు.

"ఇంకో ఐదు సీసాలున్నాయి" అన్నాడు. "జాడీకి ఆరొచ్చాయి. మంచం కింద పెట్టాను."

"రేపొకటి పట్టుకురా."

సీసాకు నాలుగు భోజనాల చొప్పున ఆ వైన్ జూన్ పన్నెండు దాటింది, జూన్ కూడా దాటింది. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని తిట్టడం మానలేదు, కానీ ఫిర్మిన్ పంతులు ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం గంట కొట్టగానే గోడ ఇవతల, ఉర్సుల్ ఇంట్లో, కుర్చీ లాగిన చప్పుడు వినపడేది.

జూలైలో ఒక మంగళవారం లెయోన్స్ వట్టి చేతులతో వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే టోపీ తీసి నిలబడ్డాడు.

"వైన్ అయిపోయింది" అన్నాడు.

"సూప్ అయిపోలేదుగా" అంది ఉర్సుల్, బల్ల మీద రెండో గిన్నె పెడుతూ.